పువ్వులను ప్రశ్నలడిగిన డార్విన్



చార్లెస్ డార్విన్ అనే పేరు వినగానే మన క్లాసులో అందరూ కోతి అంటారు. కోతి నుండి మనిషి పుట్టాడని చెప్పింది ఆయనే గదా అంటారు. నిజానికి ఆయన అట్లా చెప్పలేదు. మనిషికీ కోతికీ చాలా చాలా కాలం కింద ఒకే పూర్వీకులు ఉండేవారని చెప్పాడు. కానీ నేను ఈసారి రాసేది కోతుల గురించి కాదు. డార్విన్ తన జీవితంలో చివరి ఇరవై ఏళ్ళు ఎక్కువగా పూల మొక్కల దగ్గరే గడిపాడు. మొక్కల మీదనే ఆరు పుస్తకాలు రాశాడు. ఈ సంగతి చాలామందికి తెలియదు. అందుకే ఆయన జీవిత చరిత్రను ఆ వైపు నుండి రాస్తున్నాను.

బాల్యం - చదువు

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీ అనే ఊరిలో పుట్టాడు. తండ్రి రాబర్ట్ పేరున్న డాక్టరు. తల్లి పేరు సుసన్నా. డార్విన్‌కు ఎనిమిదేళ్ళప్పుడే తల్లి చనిపోయింది. తర్వాత అక్కలు చూసుకున్నారు. బడిలో ఆయన మామూలు విద్యార్థే. పాఠాలు బట్టీ పట్టడం కంటే పురుగులు, రాళ్ళు, పక్షి గుడ్లు ఏరుకొచ్చి దాచుకోవడం ఇష్టం.

తండ్రి ఆయనను 1825లో ఎడిన్‌బరోకు డాక్టరు చదువుకు పంపాడు. అప్పటికి మత్తుమందు రాలేదు. మెలకువగా ఉన్న పిల్లవాడికి ఆపరేషన్ చేస్తుంటే చూడలేక డార్విన్ బయటికి పరుగెత్తాడు. ఆ చదువు మానేశాడు. కానీ ఆ ఊరిలో ఆయనకు ఒక మంచి గురువు దొరికాడు. ఆయన పేరు జాన్ ఎడ్మన్‌స్టన్. ఒకప్పుడు బానిసగా ఉండి విడుదలైన నల్లజాతి మనిషి. చనిపోయిన పక్షుల చర్మాన్ని చెడకుండా దాచే పని డార్విన్‌కు నేర్పింది ఆయనే. ఆ పని తర్వాత ఓడ ప్రయాణంలో బాగా అక్కరకు వచ్చింది.

తర్వాత మతగురువు కావడానికి కేంబ్రిడ్జికి పంపారు. అక్కడా మనసంతా పురుగుల మీదే. ఒకరోజు చెట్టు బెరడు కింద రెండు అరుదైన పురుగులు దొరికాయి. రెండు చేతుల్లో రెండు పట్టుకున్నాడు. అంతలో మూడోది కనబడింది. దాన్ని వదలబుద్ధి కాక చేతిలో ఉన్న ఒకదాన్ని నోట్లో పెట్టుకున్నాడు. అది నాలుక మంట పుట్టే రసం కక్కింది. ఉమ్మేశాడు. మూడోది కూడా పోయింది! అక్కడ హెన్‌స్లో అనే వృక్షశాస్త్రం ప్రొఫెసరు ఉండేవాడు. డార్విన్ రోజూ ఆయనతో నడకకు పోయేవాడు. మొక్కను ఎట్లా చూడాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాడు.

ఓడ ప్రయాణం

హెన్‌స్లో సిఫారసుతో డార్విన్ బీగిల్ అనే ఓడ ఎక్కాడు. 1831 డిసెంబరు 27న ఓడ బయలుదేరింది. 1836 అక్టోబరు 2న తిరిగి వచ్చింది. ఆ ఐదేళ్ళూ సముద్రం మీద వాంతులతో బాధపడుతూనే ఉన్నాడు. నేల కనబడితే చాలు, దిగి మొక్కలు, జంతువులు, రాళ్ళు పోగుచేసేవాడు. బ్రెజిల్ అడవి చూసి ఆనందపడ్డాడు. అదే దేశంలో బానిసలను కొట్టడం చూసి చాలా బాధపడ్డాడు. జీవితాంతం బానిసత్వాన్ని అసహ్యించుకున్నాడు.

1835లో గాలపాగస్ దీవులకు వెళ్ళాడు. ఒక్కో దీవిలో దొరికిన మొక్కలను వేరువేరుగా దాచాడు. ఇంటికి వచ్చాక హుకర్ అనే స్నేహితుడు ఆ మొక్కలను పరిశీలించాడు. వాటిలో చాలా మొక్కలు ఒకే ఒక్క దీవిలో తప్ప ఇంకెక్కడా లేవని తేలింది. పక్కపక్క దీవుల్లో ఇన్ని రకాలు ఎందుకు ఉన్నాయి? ఈ ప్రశ్న డార్విన్‌ను వదలలేదు.

1859 నవంబరు 24న ఆయన పెద్ద పుస్తకం జాతుల పుట్టుక అచ్చయింది. అందులో ప్రకృతి వరణం గురించి చెప్పాడు. సులువుగా చెప్తాను. ఒక చెట్టు విత్తనాలన్నీ ఒకే తీరు మొక్కలు కావు. కొన్నిటికి వేరు లోతుగా పోతుంది, కొన్నిటికి పోదు. నీళ్ళు తక్కువైన చోట లోతు వేరువే బతికి మళ్ళీ విత్తనాలు పెడతాయి. వాటి పిల్లలకూ ఆ గుణం వస్తుంది. ఇట్లా వేల లక్షల ఏళ్ళు జరిగితే ఆ చోటికి తగినట్టుగా మొక్క తయారవుతుంది. మన జీవశాస్త్రం పుస్తకంలో అనుకూలనాలు అంటే ఇవే. మొక్క కావాలని మారదు. తగినవి మిగులుతాయి, తగనివి పోతాయి.

మేనమామ కూతురు

1839 జనవరి 29న డార్విన్‌కు ఎమ్మాతో పెళ్ళి అయింది. ఎమ్మా ఎవరో కాదు, ఆయన సొంత మేనమామ కూతురు. మన దగ్గర మేనరికం అంటామే, అదే. 1842లో వాళ్ళు లండన్‌కు దూరంగా కెంట్ జిల్లాలోని డౌన్ అనే పల్లెలో ఇల్లు తీసుకున్నారు. ఆయన చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. కడుపునొప్పి, వాంతులు, నీరసం ఆయనను ఎప్పుడూ వదలలేదు. రోజుకు కొన్ని గంటలే పని చేయగలిగేవాడు.

పదిమంది పిల్లలు పుట్టారు. ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. అందులో యానీ అంటే ఆయనకు ప్రాణం. 1851లో పదేళ్ళ వయసులో జబ్బు చేసి చనిపోయింది. మేనరికం వల్లనే నా పిల్లలు బలహీనంగా పుట్టారా అనే భయం ఆయన మనసులో ఉండిపోయింది. 1870లో, జనాభా లెక్కల్లో మేనరికం పెళ్ళిళ్ళ గురించి ఒక ప్రశ్న చేర్చమని తెలిసిన పార్లమెంటు సభ్యుని ద్వారా అడిగించాడు. పార్లమెంటు ఒప్పుకోలేదు.

మనుషుల దగ్గర లెక్క దొరకలేదు. మొక్కల దగ్గర మాత్రం ఆయన పదకొండేళ్ళు ప్రయోగాలు చేశాడు. పూల మొక్కలకు వల కప్పి తేనెటీగలు రాకుండా చేశాడు. కొన్ని పూలకు వాటి పుప్పొడినే అంటించాడు. కొన్నిటికి వేరే మొక్క పుప్పొడిని అంటించాడు. రెండు రకాల విత్తనాలను ఒకే కుండీలో ఎదురెదురుగా నాటాడు. పూలకోసం పెంచే ఒక తీగ మొక్కను పది తరాలు ఇట్లాగే పెంచి కొలిచాడు. వేరే మొక్క పుప్పొడితో పుట్టినవి సగటున 100 వంతులు పెరిగితే, సొంత పుప్పొడితో పుట్టినవి 77 వంతులే పెరిగినట్టు లెక్క వచ్చింది. ఈ పుస్తకం 1876లో వచ్చింది.

అప్పుడు ఒక పెద్ద విషయం అర్థమైంది. పువ్వుకు రంగు ఎందుకు? వాసన ఎందుకు? తేనె ఎందుకు? మనం జడలో పెట్టుకోవడానికి కాదు. పురుగునో పక్షినో పిలిచి, దూరంగా ఉన్న మొక్కకు పుప్పొడి పంపడానికి. మొక్క నడవలేదు గదా!

చెల్లెళ్ళూ, ఒక మాట. మొక్కల లెక్కను మనుషులకు ఉన్నదున్నట్టు అంటించకూడదు. కానీ దగ్గరి చుట్టాల్లో ఒకే జబ్బు దాగి ఉండవచ్చునని, ఇద్దరిలో ఉంటే పిల్లలకు రావచ్చునని ఇప్పుడు డాక్టర్లు చెప్తున్నారు. మన గిరిజనుల్లో కనబడే సికిల్ సెల్ రక్తజబ్బు అట్లాంటిదే. మన ఊళ్ళల్లో తొమ్మిదో తరగతి అయితే చాలు, బావ ఉన్నాడు గదా, చదువెందుకు అంటారు. రక్తపరీక్ష మాట ఎవరూ ఎత్తరు. డార్విన్ అంత చదువుకున్న మనిషి కూడా పెళ్ళయ్యాక, పిల్లలు పోయాక ఆ ప్రశ్న అడిగాడు. మనం ముందే అడగవచ్చు.

రెండు స్కేళ్ళంత పువ్వు

డౌన్ ఊరి దగ్గర ఒక గడ్డి గట్టు మీద ఆర్కిడ్ పూలు పూసేవి. డార్విన్ సన్నగా చెక్కిన పెన్సిలును పురుగు తల లాగా పువ్వులోకి దూర్చి తీసేవాడు. పెన్సిలుకు రెండు చిన్న పుప్పొడి ముద్దలు కొమ్ముల్లాగా అంటుకొని వచ్చేవి. మొదట అవి నిటారుగా నిలబడేవి. అర నిమిషంలో ముందుకు వంగేవి. ఎందుకో తెలుసా? నిటారుగా ఉంటే తర్వాతి పువ్వులో కీలాగ్రానికి తగలవు. వంగితేనే సరిగ్గా తగులుతాయి. పురుగు ఇంకో మొక్కకు చేరేసరికి ముద్దలు వంగి తయారుగా ఉంటాయి. అంత చిన్న పువ్వులో అంత లెక్క ఉంది.

1862లో ఒకరు ఆయనకు మడగాస్కర్ దీవి నుండి వచ్చిన తెల్లని ఆర్కిడ్ పూలు పంపించారు. ఆ పువ్వు వెనుక ఒక సన్నని గొట్టం వేలాడుతోంది. పొడవు పదకొండున్నర అంగుళాలు, అంటే 29 సెంటీమీటర్లు. మన జామెట్రీ బాక్సులో స్కేళ్ళు రెండు కలిపి పెట్టినంత. తేనె మాత్రం గొట్టం అడుగున ఒకటిన్నర అంగుళమే ఉంది. ఇంత లోతు తేనె తాగేది ఎవరు? మడగాస్కర్‌లో పది పదకొండు అంగుళాల తొండం ఉన్న చిమ్మట ఒకటి ఉండి తీరాలని ఆయన రాశాడు. చిమ్మట అంటే రాత్రిపూట దీపం చుట్టూ తిరుగుతుందే, సీతాకోకచిలుక లాంటిది, అదే.

పురుగుల శాస్త్రం చదివిన కొందరు నవ్వారు. అంత తొండం ఎక్కడైనా ఉంటుందా అని. డార్విన్ తన మాట మార్చుకోలేదు. గొట్టం పొట్టిగా ఉంటే చిమ్మట దూరం నుండే తేనె తాగి పోతుంది, తల పుప్పొడికి తగలదు. గొట్టం పొడుగైన పువ్వుకే విత్తనాలు ఎక్కువ. తొండం పొడుగైన చిమ్మటకే తేనె ఎక్కువ. అట్లా రెండూ ఒకదానితో ఒకటి పోటీపడి పొడుగైనాయని ఆయన లెక్క. డార్విన్ చనిపోయాక 21 ఏళ్ళకు, 1903లో, మడగాస్కర్‌లో అంత పొడుగు తొండం ఉన్న చిమ్మట గురించి శాస్త్రవేత్తలు ప్రకటించారు. దానికి, ముందే చెప్పబడినది అని అర్థం వచ్చే పేరు పెట్టారు. నవ్వినవాళ్ళ పేర్లు ఇప్పుడు ఎవరికీ గుర్తు లేవు.

పురుగులను తినే మొక్క

1860 ఎండాకాలంలో డార్విన్ చుట్టాల ఊరికి పోయాడు. అక్కడ బురద నేలలో డ్రోసెరా అనే చిన్న మొక్కలు కనబడ్డాయి. వాటి ఆకుల మీద ఎన్నో ఈగలు చచ్చి అంటుకొని ఉన్నాయి. ఊకె అంటుకున్నాయా, లేక మొక్క కావాలని పట్టిందా అని ఆలోచించాడు. 31 ఆకుల మీది వెంట్రుకలు లెక్కపెట్టాడు. ఒక్కో ఆకుకు సగటున 192 ఉన్నాయి. ప్రతి వెంట్రుక కొసకు జిగురు బొట్టు. మాంసం ముక్క పెడితే వెంట్రుకలన్నీ వంగి పట్టుకున్నాయి. కోడిగుడ్డు తెల్లసొన పెట్టినా పట్టుకున్నాయి, కరిగించాయి. గాజు ముక్క పెడితే వంగినా త్వరగా వదిలేశాయి. వాన చుక్క లాగా నీళ్ళు పోస్తే కదలనే లేదు. వాన పడ్డప్పుడల్లా కదిలితే మొక్కకు శ్రమ దండగ గదా!

ఎందుకు పురుగులు తినాలి? ఆ బురద నేలలో నత్రజని చాలా తక్కువ. వేరుకు దొరకనిది ఆకు సంపాదించుకుంటుంది. ఈ పుస్తకం 1875లో వచ్చింది. పురుగు తింటే మొక్కకు లాభం ఏమిటని కొందరు అడిగారు. 1878లో ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కొన్ని మొక్కలకు మాంసం పెట్టి, కొన్నిటికి పెట్టకుండా పెంచాడు. మాంసం పెట్టినవాటికి విత్తనాలు బాగా ఎక్కువ కాశాయి. డ్రోసెరా మన తూర్పు కనుమల్లో తడి నేలల మీద కూడా ఉంటుంది. ఎరుపుగా, నేలకు అంటుకొని, మంచు పడినట్టు మెరుస్తుంది.

తీగలు - నిద్రపోయే ఆకులు

జబ్బుతో మంచం దిగలేని రోజుల్లో డార్విన్ గదిలో ఒక తీగ కుండీ పెట్టించుకున్నాడు. దాని కొస గాలిలో గుండ్రంగా తిరుగుతూ ఆసరా వెతకడం గంటలు గంటలు చూశాడు. ఒక చుట్టు తిరగడానికి సగటున 2 గంటల 8 నిమిషాలు పట్టింది. తీగ ఎందుకు పాకుతుంది? లావుగా మాను పెంచే ఖర్చు లేకుండా ఎండకు చేరడానికి.

బీర, కాకర తీగలకు స్ప్రింగులాంటి నులితీగలు ఉంటాయి. అవి సగందాకా ఒకవైపు మెలిక తిరిగి, తర్వాత రెండోవైపు తిరుగుతాయి. ఆ స్ప్రింగు ఉండబట్టే గాలికి సాగుతాయి గాని తెగవు. ఇది చూడడానికి డార్విన్ పెద్ద గాలిలో కంచె దగ్గరికి పోయి నిలబడ్డాడు. మన అడవినాభి మొక్క అయితే ఆకు కొసనే కొక్కెంలా వంచి పక్క మొక్కను పట్టుకుంటుంది. ఆ జాతి మొక్క గురించి కూడా ఆయన రాశాడు.

అత్తిపత్తి ఆకులు, చింత ఆకులు రాత్రి ముడుచుకుంటాయని మనకు తెలుసు. డార్విన్ అట్లాంటి కొన్ని ఆకులను ముడుచుకోకుండా గుచ్చి ఉంచి, చలి రాత్రి బయట పెట్టాడు. తెరిచి ఉన్న ఆకులకే చలి దెబ్బ ఎక్కువ తగిలింది. మనం దుప్పటి ముడుచుకొని పడుకున్నట్టే.

ఆయనకు సాయం చేసినవాళ్ళు

డార్విన్ ఒక్కడే ఇదంతా చేయలేదు. ఆయన పిల్లలు పొదల వెంట పరుగెత్తి, తుమ్మెదలు ఏ దారిన పోతున్నాయో నాన్నకు చెప్పేవారు. అమెరికాలో మేరీ ట్రీట్ అనే ఆమె పురుగులు తినే మొక్కల మీద సొంతంగా ప్రయోగాలు చేసి ఉత్తరాలు రాసింది. ఆమె పేరును ఆయన తన పుస్తకంలో గౌరవంగా రాశాడు.

నాకు బాగా నచ్చింది జాన్ స్కాట్ సంగతి. ఆయన ఎడిన్‌బరోలో ఒక తోటలో తోటమాలి. 1862లో డార్విన్‌కు ఉత్తరం రాసి, ఆర్కిడ్ల పుస్తకంలో ఒక మొక్క గురించి తప్పు రాశారని చెప్పాడు. తోటమాలి నాకు చెప్పేదేంటి అని డార్విన్ కోపం తెచ్చుకోలేదు. ఒప్పుకున్నాడు. ఇంకా ప్రయోగాలు చేయమని ప్రోత్సహించాడు. 1864లో స్కాట్ మన దేశానికి వస్తుంటే ఓడ ఖర్చు డార్విన్ ఇచ్చాడు. స్కాట్ కలకత్తా వృక్షశాస్త్ర తోటలో పని చేశాడు. డార్విన్ మాత్రం మన దేశానికి ఎప్పుడూ రాలేదు.

చివరి రోజులు

డార్విన్‌కు తెలియని సంగతులు కూడా ఉన్నాయి. భూమి చరిత్రలో పూల మొక్కలు అంత త్వరగా అన్ని రకాలుగా ఎట్లా పెరిగాయో ఆయనకు అంతు చిక్కలేదు. 1879లో హుకర్‌కు ఆ మాట దాచకుండా రాశాడు. శాస్త్రవేత్తలు ఇప్పటికీ దాని మీద పని చేస్తున్నారు.

1882 ఏప్రిల్ 19న 73 ఏళ్ళ వయసులో డౌన్ ఇంట్లో చనిపోయాడు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబేలో సమాధి చేశారు. ప్రపంచంలోని పూల మొక్కలన్నిటి పేర్లు ఒకచోట రాయించడానికి ఆయన డబ్బు ఇచ్చాడు. ఆ పెద్ద జాబితా క్యూ తోటలో తయారైంది.

మనం ఏమి నేర్చుకోవాలి

డార్విన్ జీవితంలో ఓడ ప్రయాణం ఐదేళ్ళే. మిగతాదంతా ఇంటి చుట్టూ ఉన్న గట్టు, కంచె, కుండీ. పక్కన ఉన్నదాన్నే ఎందుకు అని అడిగాడు. లెక్కపెట్టాడు, కొలిచాడు.

మనకు ఆయన కంటే పెద్ద తోట ఉంది. మా నాయనమ్మకు అక్షరం రాదు. కానీ ఏ దుంప ఏ రాళ్ళ సందున దొరుకుతుందో, ఏ చెట్టు ఏ నెలలో పూస్తుందో అన్నీ తెలుసు. ఇప్పపువ్వు తెల్లారేసరికి ఎందుకు రాలుతుంది అని నేను ఆలోచించలేదు, తట్ట పట్టుకొని ఏరడమే తెలుసు. ఇప్పచెట్టు రాత్రి పూస్తుంది. ఆకులు రాలి ఉంటాయి కాబట్టి పూలకు అడ్డం ఉండదు. తియ్యటి పూలకోసం గబ్బిలాలు వస్తాయి, తింటూ పుప్పొడి మోస్తాయి. తెల్లారితే ఆ పని అయిపోయింది. అప్పుడు రాలినవి మనకు. గబ్బిలాలను కొట్టి చంపితే ఇప్పకాయలు తగ్గుతాయి, ఇప్పనూనె తగ్గుతుంది. నాయనమ్మకు తెలిసినదాన్ని పుస్తకంలో ఉన్నదాన్ని కలిపేది మనమే. మన ఇండ్లల్లో ఇంకెవరూ చదువుకోలేదు గదా.

ఆదివారం ఇవి చూసి రండి:

1. బీర నులితీగ ఎన్నిచోట్ల మెలిక మార్చింది?

2. జిల్లేడు పువ్వులో పుప్పొడి పొడిగా ఉందా, ముద్దలుగా ఉందా? (పాలు కళ్ళకు తగలనియ్యకండి.)

3. మోదుగ పువ్వు మీద పక్షులు ఎక్కువ వాలుతున్నాయా, తేనెటీగలా? ఆ పువ్వు ఆకారానికీ దానికీ సంబంధం ఏమిటి?

చూసినవాళ్ళు కాగితం మీద రాసి ఇవ్వండి. వచ్చే నెల గోడపత్రికలో మీ పేరుతో అంటిస్తాం.

- తొమ్మిదవ తరగతి విద్యార్థిని